గుండె చుట్టూ నీరు... మంచం పక్కన ఎవరు?

గద్వాలకు 2024లో మెడికల్ కాలేజీ వచ్చింది, 50 సీట్లతో. వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీలు అంతకు రెండేళ్ల ముందే, 2022 నవంబరు 15న, రాష్ట్రంలోని మరో ఆరింటితో కలిసి ఒకే రోజు మొదలయ్యాయి. 2016 అక్టోబరు దాకా ఈ మూడూ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణాలే. పెద్ద జబ్బు చేస్తే మహబూబ్‌నగర్ పోవాలి, అక్కడా కాదంటే హైదరాబాదు. గద్వాల, అలంపూర్ వాళ్లయితే కర్నూలుకో రాయచూరుకో బండి కట్టించుకునేవారు. అలాంటి చోట పదేళ్లు తిరక్కుండానే మూడు బోధనాసుపత్రులు వచ్చాయంటే చిన్న మార్పు కాదు.

అయితే ఈ వార్తలు చదివేటప్పుడు మన కళ్లు ఎప్పుడూ సీట్లు, పడకలు, ప్రొఫెసర్ పోస్టుల మీదే ఉంటాయి. 50 సీట్లకు 220 పడకలు, 150 సీట్లకు 605 పడకలు ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు చెబుతున్నాయి. పడకల సంఖ్య పేపర్లో వస్తుంది. అర్ధరాత్రి రెండు గంటలకు ఆ పడకల మధ్య తిరిగేది ఎవరు, ఎంతమంది అన్నది రాదు. మనమూ అడగం. ఆ ప్రశ్న ఎందుకు అడగాలో ఒక జబ్బును ముందు పెట్టుకుని చూద్దాం. దాని పేరు కార్డియాక్ టాంపొనేడ్. ఈ పేరు మీరు విని ఉండకపోవచ్చు. ‘గుండెకు నీరు పట్టింది’ అన్న మాట మాత్రం మీ బంధువుల్లోనో వీధిలోనో ఎప్పుడో ఒకసారి వినే ఉంటారు.

గుండెకు చోటు లేకపోతే

గుండె చుట్టూ రెండు పొరల సంచి ఒకటి ఉంటుంది. దాన్ని పెరికార్డియం అంటారు. ఆ పొరల మధ్య మామూలుగా 15 నుంచి 50 మి.లీ. ద్రవం ఉంటుంది. గుండె కొట్టుకుంటున్నప్పుడు రాపిడి లేకుండా చూడటం దాని పని. ఏదైనా జబ్బు వల్ల ఆ ద్రవం పెరిగితే సంచి సాగాలి. నెలల తరబడి నెమ్మదిగా చేరితే సంచి కూడా నెమ్మదిగా సాగుతుంది. లీటరు నీరు చేరినా మనిషి ఆయాసపడుతూనే పొలం పనికి పోయి వస్తుంటాడు. అదే కత్తిపోటు వల్లో, గుండె గోడ చిట్లడం వల్లో రక్తం ఒక్కసారిగా చేరితే 150, 200 మి.లీ. చాలు, ప్రాణం మీదికి రావడానికి. అంటే ఎంత నీరు చేరిందన్న దానికంటే ఎంత త్వరగా చేరిందన్నదే ముఖ్యం. ‘స్కానింగ్‌లో కొద్దిగానే ఉంది కదా డాక్టర్’ అని కొందరు నిశ్చింతగా ఉంటారు. ఆ నిశ్చింత అన్నివేళలా సరైనది కాదు.

సంచి ఇక సాగలేని స్థితికి వచ్చాక నీటి ఒత్తిడి గుండె మీద పడుతుంది. ఇక్కడ గుండె కండరం దెబ్బతినలేదు. రక్తంతో నిండటానికి దానికి చోటు లేదు, అంతే. బోరు మోటారు బాగానే ఉండి, బోరులోకి నీరు ఊరకపోతే పైపులో ధార ఎలా సన్నబడుతుందో అలాగే బీపీ పడిపోతుంది. లోపలికి పోలేని రక్తం వెనక్కి తన్ని మెడ నరాలు ఉబ్బుతాయి. గుండె చప్పుడు దూరం నుంచి వస్తున్నట్టు మెల్లగా వినిపిస్తుంది. ఈ మూడు లక్షణాలనూ కలిపి 1935లో క్లాడ్ బెక్ అనే అమెరికా సర్జన్ చెప్పాడు. ఇప్పటికీ మెడికల్ విద్యార్థులు ఆయన పేరుతోనే వాటిని చదువుతారు. నిజానికి నెమ్మదిగా నీరు చేరే రోగుల్లో ఈ మూడూ ఒకేసారి కనిపించడం తక్కువ. వాళ్లకు ముందుగా తెలిసేది ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కూర్చుని ముందుకు వంగితే కాస్త హాయిగా ఉండటం, గుండె దడ, చెమటలు, ఒక రకమైన కలవరం. ‘ఏదో అయిపోతోంది’ అని రోగి అంటుంటాడు. ఆ మాటను ఇంట్లోవాళ్లు భయం కింద తీసేస్తారు. అనుభవమున్న నర్సు తీసేయదు.

ఇక్కడ జరిగే ఒక పెద్ద గందరగోళం గురించి చెప్పాలి. గుండె బలహీనమై ఊపిరితిత్తుల్లోకి నీరు రావడం వేరు, గుండె చుట్టూ నీరు చేరడం వేరు. రెండింటిలోనూ ఆయాసం ఉంటుంది, కాళ్లు వాస్తాయి. మొదటిదానిలో మూత్రం ఎక్కువ పోయే ఇంజక్షన్, అదే లాసిక్స్, ప్రాణం నిలుపుతుంది. రెండోదానిలో అదే ఇంజక్షన్ గుండెలోకి వచ్చే కొద్దిపాటి రక్తాన్నీ తగ్గించి బీపీని ఇంకా కిందికి లాగుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆయాసానికి ఈ ఇంజక్షన్ వేయించుకుని, కాస్త మూత్రం పోయాక నీరసించిపోయి పెద్దాసుపత్రికి వచ్చే రోగులు మాకు కొత్త కాదు. అందుకే మీరు ఆసుపత్రికి రాగానే, అంతకుముందు ఏ సూది వేశారో తప్పకుండా చెప్పండి. పేరు తెలియకపోతే ఖాళీ సీసా తెచ్చి చూపించండి.

మన ప్రాంతంలో ఎవరికి వస్తుంది?

మన దేశంలో గుండె చుట్టూ ఎక్కువగా నీరు చేరడానికి ప్రధాన కారణాల్లో మొదట చెప్పుకోవాల్సింది టీబీ. ప్రపంచంలోని టీబీ కేసుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశంలోనే ఉన్నాయి. పాలమూరు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. బొంబాయి, పుణె బస్సులు ఈ జిల్లాల ఊళ్ల నుంచి తరాలుగా మనుషుల్ని మోసుకుపోతూనే ఉన్నాయి. ఇరుకు గదుల్లో పదిమంది కలిసి ఉండటం, చాలీచాలని తిండి, దగ్గు మొదలైతే పని పోతుందని దాచుకోవడం, మందులు మొదలుపెట్టాక ఊరు మారడంతో మధ్యలో ఆపేయడం. టీబీకి ఇంతకంటే అనువైన నేల ఉండదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల లోపలి చెంచు పెంటలకైతే ఆసుపత్రి దూరం కూడా తోడవుతుంది. ‘ఇదంతా కూలీల జబ్బు, మాకెందుకు’ అని మధ్యతరగతి ఇళ్లలో అనుకోవడం కద్దు. టీబీ గాలిలో వస్తుంది. షుగర్ ఉన్నవారికి, కీళ్లవాతానికో చర్మ జబ్బులకో స్టెరాయిడ్లు వాడుతున్నవారికి అది త్వరగా అంటుకుంటుంది. ఈ రెండు రకాలవారూ మన ఇళ్లలోనే ఎక్కువ.

రెండో వర్గం డయాలసిస్ రోగులు. కిడ్నీలు పనిచేయనప్పుడు రక్తంలో చేరే మలినాలు గుండె పొరను వాచేలా చేస్తాయి. వారానికి మూడుసార్లు జరగాల్సిన డయాలసిస్ పెళ్లి అనో పండుగ అనో రెండుకు, ఒకటికి తగ్గినప్పుడు ఈ ముప్పు పెరుగుతుంది. డయాలసిస్ చేస్తుండగా ఎప్పుడూ లేనిది బీపీ పదేపదే పడిపోతుంటే, ఎకో చేయించారా అని అడగండి.

మూడోది మధ్యతరగతి కుటుంబాలు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది. హైదరాబాదులో బైపాస్ లేదా వాల్వు ఆపరేషన్ చేయించుకుని వనపర్తికో గద్వాలకో తిరిగొచ్చినవాళ్లకు, మొదటి కొన్ని వారాల్లో గుండె చుట్టూ నీరో రక్తమో చేరవచ్చు. రక్తం పలుచన చేసే అసిట్రోమ్ వంటి మాత్రలు వాడేవారికి ఈ అవకాశం మరింత ఎక్కువ. నీరసం, తల తిరగడం, ఆకలి లేకపోవడం, మెట్లు ఎక్కితే ఆయాసం కనిపిస్తాయి. ఆపరేషన్ అయింది కాబట్టి నీరసం మామూలేనని కొబ్బరినీళ్లు తాగిస్తూ వారం గడిపేస్తారు. ఆ వారం చాలా విలువైనది. ఇవి కాక ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్లు, ఏళ్లుగా మందు వాడని థైరాయిడ్, ఛాతీకి తగిలిన గాయాలు, గుండెపోటు తర్వాత గోడ చిట్లడం వంటి కారణాలూ ఉన్నాయి.

సూది కాసేపు, కాపలా రోజులు

టాంపొనేడ్‌కు అసలు చికిత్స ఆ నీటిని తీయడమే. ఛాతీ ఎముక కింది కొస పక్క నుంచో, స్కానింగ్‌లో నీరు ఎక్కువగా కనిపించే మరో చోటు నుంచో సూది పంపి, దాని మీదుగా సన్నటి గొట్టం వదులుతారు. అన్నీ సిద్ధంగా ఉంటే, చేయి తిరిగిన వైద్యుడికి ఇది ఎక్కువసేపు పట్టే పని కాదు. కుటుంబాలకు గుర్తుండేదీ అదే: ‘డాక్టర్ వచ్చి నీరు తీశారు, ప్రాణం లేచొచ్చింది.’ అంతకుముందు గంట రోగిని నిలబెట్టినవారు, తర్వాత రెండు మూడు రోజులు గొట్టాన్ని కాపాడినవారు ఆ కథలో కనిపించరు.

ముందు గంట నుంచి మొదలుపెడదాం. రోగి రాగానే నర్సు మంచం తల వైపు పైకెత్తి, కూర్చోబెట్టి, ముందు దిండు పెట్టి వాలుస్తుంది. ఎక్స్‌రే కోసమో ఈసీజీ కోసమో వెల్లకిలా పడుకోబెట్టి ‘కాసేపు ఓపిక పట్టు’ అనడం ఈ జబ్బులో ప్రమాదం. చేతికి ఒకటి కాదు, రెండు పెద్ద సూదులు పెడుతుంది. ఆక్సిజన్ ఇస్తుంది. బీపీ పడిపోతుంటే డాక్టర్ చెప్పిన మేరకు సెలైన్ ఎక్కిస్తుంది. ‘ఆయాసం ఉన్నవాడికి సెలైన్ ఏంటమ్మా’ అని మీరు కంగారు పడొచ్చు. పైన చెప్పిన బోరు లెక్క గుర్తు తెచ్చుకోండి. గుండెలోకి కాస్త ఎక్కువ రక్తం తోయడానికే అది. అలాగని సీసాల మీద సీసాలు ఎక్కించకూడదు, అది నీరు తీసేదాకా నెట్టుకురావడానికి మాత్రమే.

వెంటిలేటర్ విషయం కూడా ఇలాంటిదే. రోగి రొప్పుతుంటే బంధువులు ‘వెంటిలేటర్ పెట్టండి, డబ్బు గురించి చూడకండి’ అని పట్టుబడతారు. యంత్రం ఊపిరితిత్తుల్లోకి గాలిని బలంగా పంపినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. నీరు తీయకముందే వెంటిలేటర్ పెడితే అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి గుండె ఆగిపోవచ్చు. తప్పనిసరైతే తప్ప వైద్యులు ఆ పని వెనక్కి నెడతారు. దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. మనం ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పై బీపీ కాస్త తగ్గడం సహజం. టాంపొనేడ్‌లో అది 10కి పైగా తగ్గుతుంది. 1873లో కుస్మాల్ అనే జర్మన్ వైద్యుడు దీనికి పేరు పెట్టాడు. దీన్ని కనిపెట్టడానికి లక్షల యంత్రం అక్కర్లేదు. చేత్తో గాలి కొట్టే మామూలు బీపీ యంత్రం, స్టెతస్కోపు, ఓపిక ఉంటే చాలు. పట్టీలో గాలిని చాలా మెల్లగా వదులుతూ, ఊపిరి వదిలినప్పుడు మాత్రమే చప్పుడు వినిపించే అంకె ఒకటి, పీల్చినా వదిలినా వినిపించే అంకె మరొకటి రాసుకోవాలి. రెండింటి మధ్య తేడా 10 దాటితే డాక్టర్‌ను లేపాలి. మీట నొక్కితే అంకె చూపే డిజిటల్ యంత్రం ఈ తేడా చెప్పదు. ఎకో చేసేవారు లేని రాత్రి, ఆ పని తెలిసిన నర్సు ఒక్కరున్నా ఆ వార్డు తలరాత మారిపోతుంది. ఇప్పుడు అన్ని వార్డుల్లోనూ డిజిటల్ యంత్రాలే వచ్చేశాయి. పాతవాటిని మూలన పడేయొద్దని నేను చెబుతుంటే పిల్ల నర్సులు నవ్వుతారు.

నీరు తీసేటప్పుడు నర్సు కళ్లు మానిటర్ మీదే ఉంటాయి. సూది గుండెకు తగిలితే ముందుగా తెలిసేది అక్కడే, లయ తప్పుతుంది. అందుకే గుండె ఆగితే వాడే మందులు, షాక్ ఇచ్చే యంత్రం చేతికి అందేలా ముందే పెట్టుకుంటారు. తీసిన నీరు ఎర్రగా ఉంటే తలుపు సందులోంచి చూసిన బంధువులు ‘రక్తం తీసేస్తున్నారు’ అని బెదిరిపోతారు. టీబీ, క్యాన్సర్ నీరు రక్తం కలిసినట్టు ఎర్రగా ఉండటం మామూలే. ఆ నీటి సీసాల మీద పేరు, సమయం సరిగ్గా రాసి ఏ పరీక్షకు ఏది పోవాలో అలా పంపడం కూడా నర్సు పనే. టీబీ జన్యు పరీక్షకు ఒకటి, కణాల పరీక్షకు ఒకటి, కల్చర్‌కు ఒకటి. ఇక్కడ ఒక సీసా తారుమారైతే ఆరు నెలల చికిత్స దారి తప్పుతుంది, మళ్లీ తీద్దామంటే నీరు ఉండదు.

నీరు కొంత తగ్గగానే బీపీ లేస్తుంది, రోగి ముఖం తేటపడుతుంది. అయినా ఉన్నదంతా ఒకేసారి లాగేయరు. ఎక్కువకాలం ఒత్తిడిలో ఉన్న గుండెకు ఆ భారం ఒక్కసారిగా తీసేస్తే అది తట్టుకోలేక చతికిలపడవచ్చు. అందుకే లీటరుకు పైగా ఉన్నవారికి గొట్టం ఉంచి విడతలుగా తీస్తారు.

ఇక ఆ గొట్టంతో కాపలా మొదలవుతుంది. మొదటి గంట ప్రతి 15 నిమిషాలకు, తర్వాత అరగంటకు, ఆపైన గంటకోసారి నాడి, బీపీ, ఊపిరి, ఆక్సిజన్ చూసి రాయాలి. మూత్రం కూడా కొలవాలి. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. కంటే తగ్గుతుంటే గుండె నుంచి తగినంత రక్తం వెళ్లడం లేదేమోనని అనుమానించాలి. గొట్టంలో ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చింది అన్నది మరో లెక్క. అన్నింటికంటే మోసపుచ్చేది గొట్టం ఉన్నట్టుండి ఆగిపోవడం. ‘నీరు రావడం ఆగింది, తగ్గిపోయినట్టుంది’ అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. నిదానంగా తగ్గుతూ రోజుకు 25, 50 మి.లీ. కంటే తక్కువకు వస్తే అది మంచి కబురే, గొట్టం తీసేస్తారు. గంట క్రితం దాకా ధారగా వచ్చింది టక్కున ఆగి, నాడి పెరుగుతూ, మెడ నరాలు మళ్లీ ఉబ్బుతుంటే అది గొట్టం మూసుకుపోవడం. నీరు లోపలే పేరుకుంటోందని అర్థం. ఈ తేడా పట్టేది కేసు షీట్‌లో గంటగంటకూ రాసిన అంకెలే. గుండె ఆపరేషన్ తర్వాత ఛాతీలో పెట్టే గొట్టాలకూ ఇదే సూత్రం.

ఈ రోజుల్లో మంచం పక్కన ఉండే మీరు చేయగలిగింది కూడా ఉంది. సంచిని ఛాతీ కంటే కిందనే ఉంచండి. బాత్రూముకు లేచేటప్పుడు గొట్టం మంచం కడ్డీకి చిక్కుకుని ఊడిపోయే సందర్భాలు ఎక్కువ, నర్సును పిలవకుండా లేపకండి. కట్టు తడిసినా, దుర్వాసన వచ్చినా, చలిజ్వరం వచ్చినా వెంటనే చెప్పండి. పెద్ద ఊపిరి తీస్తే నొప్పిగా ఉంటుందని రోగి పైపైనే శ్వాసిస్తాడు. బయటి నుంచి నొప్పి మాత్రలు తెచ్చి వేయకండి, ముఖ్యంగా కిడ్నీ జబ్బు ఉన్నవారికి.

పంపేయాలా, ఇక్కడే తీయాలా?

నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాదు రెండున్నర, మూడు గంటల ప్రయాణం. వనపర్తి నుంచి ఇంకాస్త ఎక్కువ. గద్వాల నుంచి దాదాపు 190 కిలోమీటర్లు. కర్నూలు దగ్గరే, సుమారు 60 కిలోమీటర్లు, కానీ అది ఇప్పుడు వేరే రాష్ట్రం, ఆరోగ్యశ్రీ వంటివి ఎలా వర్తిస్తాయో ముందే కనుక్కోవాలి. ఎంబీబీఎస్ కాలేజీ నడపడానికి గుండె వైద్య విభాగం ఉండి తీరాలని నిబంధన లేదు. కాబట్టి ‘మెడికల్ కాలేజీ వచ్చింది కదా, హృద్రోగ నిపుణుడు ఉంటాడు’ అనుకుని రాకండి. అలాగని నిపుణుడు లేడు కాబట్టి పంపేయడమే మార్గం అనుకోవడమూ సరికాదు. స్కానింగ్‌లో చూస్తూ నీరు తీయడం జనరల్ మెడిసిన్ వైద్యులు, మత్తు వైద్యులు నేర్చుకుని చేయగలిగిన పనే. బీపీ పడిపోయిన రోగిని, సంచి నిండుగా ఉండగా, అంబులెన్సులో పడుకోబెట్టి మూడు గంటలు తీసుకెళ్లడం కంటే ఇక్కడే వంద మి.లీ. తీసి పంపడం సురక్షితం. నిండిన సంచిలో ఆ కొద్దిపాటి నీరు తగ్గినా ఒత్తిడి చాలా దిగుతుంది. కత్తిపోటు, గుండెపోటు తర్వాత గోడ చిట్లడం, మహాధమని చీలడం వంటివి మాత్రం వేరు. వాటికి సర్జన్, ఆపరేషన్ థియేటర్ కావాలి.

బంధువుల ఒత్తిడి కూడా తరలింపునకు ఒక కారణమని ఒప్పుకోవాలి. ‘ఇక్కడ ఏమైనా అయితే?’ అని మీరడుగుతారు. దాడి జరుగుతుందేమోనని చిన్న ఊళ్ల వైద్యులు భయపడతారు. ఇద్దరి భయాల మధ్య రోగి హైవే ఎక్కుతాడు. ఈసారి అలాంటి పరిస్థితి వస్తే రెండే ప్రశ్నలు అడగండి. ‘దారిలో బీపీ పడితే చూసే నర్సు బండిలో ఉన్నారా? బయల్దేరే ముందు కొంచెమైనా నీరు తీసే వీలుందా?’ వెళ్లక తప్పదంటే రోగిని కూర్చున్న స్థితిలోనే తీసుకెళ్లమనండి. ఎకో రిపోర్టు, ఇచ్చిన మందులు, సమయాలు రాసిన కాగితం చేతిలో ఉండాలి. చేరబోయే ఆసుపత్రికి ముందే ఫోన్ వెళ్లాలి.

నర్సుల లెక్క

2024 జనవరి 31న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. ఒకేసారి అంతమందిని తీసుకోవడం మంచి పని, కొత్త బోధనాసుపత్రులకు అది ఊపిరి పోసింది. స్టాఫ్ నర్సు అన్న పాత పేరు పోయి నర్సింగ్ ఆఫీసర్ అయ్యారు. పేరు మారినందుకు సంతోషమే. ఐసీయూలో ఒక్కో షిఫ్టులో ఒక్కో రోగికి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. పైన చెప్పిన 15 నిమిషాల లెక్క చూడండి. అలాంటి రోగి ఒకరుంటే ఆ నర్సుకు ఆ మొదటి గంటలో మరో పని చేసే వీలుండదు. ఆమె చేతిలో ఆరుగురో ఎనిమిదిమందో ఉంటే ఏమవుతుంది? కేసు షీట్‌లో అంకెలు నిండుతాయి, ఒక్కోసారి చూడకుండానే నిండుతాయి. తప్పు ఆమెది కాదు.

సంఖ్య ఒక్కటే సమస్య కాదు. నా లెక్కలో అంతకంటే పెద్ద సమస్య స్థిరత్వం. ఎక్కడైనా సరే, ఐసీయూ పని నేర్చుకోవడానికి ఒక కొత్త నర్సుకు కనీసం ఆరు నెలలు, ఏడాది పడుతుంది. చేయి తిరిగేసరికి డ్యూటీ మార్పు పేరుతో ఆమెను ఓపీకో, కాన్పుల వార్డుకో పంపేస్తారు, లేదా డిప్యుటేషన్ మీద మరో ఊరికి. ఆమె చోటికి మళ్లీ ఒక కొత్త నర్సు. డాక్టర్లకు విభాగాలున్నట్టే నర్సులకూ ఐసీయూ, డయాలసిస్, ఎమర్జెన్సీ అని నిలకడైన విభాగాలు ఉండాలన్నది నా అభిప్రాయం. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో చేరిన తొలి బ్యాచ్ ఎంబీబీఎస్ విద్యార్థుల చదువు చివరి దశకు వస్తోంది. వాళ్లు హౌస్ సర్జన్లుగా వార్డుల్లోకి వచ్చినప్పుడు గొట్టం ఎందుకు ఆగిందో, డ్రిప్ ఎప్పుడు ఆపాలో మొదట నేర్పేది ప్రొఫెసర్ కాదు, రాత్రి డ్యూటీ సిస్టర్. ఆమెకే నిలకడ లేకపోతే వాళ్లు నేర్చుకునేదీ అంతంతే.

‘మేం ఎలాగూ ప్రైవేటుకే పోతాం’ అనేవారికి కూడా ఈ లెక్క వర్తిస్తుంది. చిన్న పట్టణాల్లోని కొన్ని నర్సింగ్ హోముల్లో తెల్ల కోటు వేసుకుని సూదులు వేసేవారిలో అందరూ నర్సింగ్ చదివినవారు కారు. గది ఏసీయా కాదా అని అడిగే ముందు, రాత్రి ఐసీయూలో రిజిస్టర్డ్ నర్సులు ఎంతమంది ఉంటారో అడగండి. అది మీ హక్కు, ఎవరూ నొచ్చుకోకూడదు. ప్రభుత్వాసుపత్రుల విషయంలో అడగాల్సింది ఎమ్మెల్యేను, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సభ్యుల్ని. కొత్త భవనం ఎప్పుడని అడిగినంత గట్టిగా ఈ మాటా అడిగితే జవాబు వస్తుంది.

ఇంటికి వెళ్లాక

టీబీ వల్ల నీరు చేరినట్టు తేలితే సాధారణంగా ఆరు నెలల మందులు. మొదటి నెలలోనే ఆయాసం పోయి మనిషి తేరుకుంటాడు, ఇక అక్కడి నుంచే మాత్రలు తప్పడం మొదలవుతుంది. టీబీ మందులతో మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడి ఆపకండి. వాల్వు ఆపరేషన్ అయి అసిట్రోమ్ వాడుతున్నవారు మాత్రం తప్పక చెప్పాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ దాని పనిని తగ్గించేస్తుంది, మోతాదు మార్చాల్సి వస్తుంది. మందులు వాడినన్నాళ్లూ ప్రభుత్వం పోషకాహారానికి నెలకు ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి 500 నుంచి 1000 రూపాయలకు పెరిగింది. ప్రైవేటులో చికిత్స తీసుకుంటున్నవారు కూడా పేరు నమోదు చేయించుకుంటే దానికి అర్హులే. ఇది చాలామందికి తెలియదు.

కొందరికి స్టెరాయిడ్లు కూడా రాస్తారు. ఇవి అందరికీ అవసరమా అన్నది వైద్యుల్లోనే ఏళ్లుగా నడిచిన వాదం. ఆఫ్రికా దేశాల్లో 1400 మంది రోగుల మీద జరిపి 2014లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మొత్తంమీద మరణాలు తగ్గలేదు గానీ, గుండె పొర గట్టిపడిపోవడం, మళ్లీ ఆసుపత్రిలో చేరడం తగ్గాయి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో క్యాన్సర్ ముప్పు పెరిగింది. కాబట్టి మీ పక్కింటాయనకు రాశారని మీకూ రాయమని అడగకండి, రాసినవి సొంతంగా ఆపకండి.

ఆ గట్టిపడటం సంగతి తెలిసి ఉండాలి. నీరు పోయాక కొందరిలో నెలల తర్వాత గుండె పొర దళసరిగా, తోలులా మారి గుండెను బిగిస్తుంది. పాదాలు వాయడం, పొట్ట ఉబ్బడం, కాస్త నడిస్తే అలసట మొదలవుతాయి. లివర్ జబ్బనుకుని నెలలు తిరిగేవారు ఉన్నారు. ‘ఇంతకుముందు గుండె చుట్టూ నీరు తీశారు’ అన్న ఒక్క ముక్క ఏ డాక్టర్‌కైనా చెబితే వెతుకులాట తప్పుతుంది. డిశ్చార్జ్ కాగితంలో మళ్లీ ఎకో ఎప్పుడో తేదీ రాయించుకోండి. లక్షణాలు లేకపోయినా ఆ రోజు వెళ్లండి.

ఇక మందుల మధ్యలోనే మళ్లీ పనికి ఊరు వదలాల్సి వస్తే, మీ ఇంట్లో పనిచేసేవారో మీ పొలం కౌలుదారో అయినా సరే, బస్సు ఎక్కేముందు టీబీ కేంద్రానికి పంపండి. నమోదు సంఖ్య రాసిన కార్డు తీసుకుని, వెళ్లే ఊరు పేరు చెబితే ముంబయిలోనో పుణెలోనో అక్కడి ప్రభుత్వ కేంద్రంలో అవే మందులు ఉచితంగా కొనసాగుతాయి. దారికి, అక్కడ చేరాక మొదటి కొన్ని రోజులకు సరిపడా మాత్రలు చేతికి అడిగి తీసుకోమనండి.